మొదటి బండి ఏ తీరుదైతే మంచిది? ఎందుకు?

ప్రశ్న: మాది ఉప్పలగుప్తం. నాకు ఈమధ్యే పద్దెనిమిదేళ్లు నిండాయి. ఇప్పటిదాకా సైకిలు తప్ప ఏదీ నడపలేదు. అమలాపురం కాలేజీకి వెళ్లిరావడానికి నాన్నగారు బండి కొంటానన్నారు. నాకేమో ఆర్15 ఇష్టం. బాబాయి బుల్లెట్టు కొనమంటున్నారు. అమ్మ స్కూటీ చాలంటోంది. నాన్నగారు స్ప్లెండర్ దాటి ఆలోచించరు. నా ఎత్తు ఐదడుగుల నాలుగంగుళాలు. అసలు ఇన్ని రకాల బళ్లు ఎందుకున్నాయి? మొదటిసారి నడిపేవాళ్లకి ఏది సరిపోతుందో ఎలా తెలుసుకోవాలి?

జవాబు: మంచి ప్రశ్న వేశావు బాబూ. ‘ఏది కొనాలి?’ అని అందరూ అడుగుతారు. ‘ఇన్ని రకాలు ఎందుకున్నాయి?’ అని అడిగేవాళ్లు తక్కువ. ఈ రెండోదానికి జవాబు తెలిస్తే మొదటిదాని సంగతి సగం తేలిపోయినట్టే. మీ ఇంట్లో నలుగురూ నాలుగు బళ్లు చెప్పారంటే ముగ్గురు తప్పు చెప్పారని కాదు. ఎవరి మనసులో ఏ రోడ్డు మెదిలిందో దానికి తగిన బండి వాళ్లు చెప్పారు. బండి తీరు అనేది రంగూ స్టిక్కర్లకు సంబంధించింది కాదు. మనిషి దానిమీద ఎలా కూర్చోవాలి, కాళ్లు ఎక్కడుండాలి, చేతులు ఎక్కడుండాలి అన్నదాన్నిబట్టి తీరు మారుతుంది. ఆ కూర్చునే పద్ధతిని ఏదో ఒక రోడ్డును దృష్టిలో పెట్టుకునే నిర్ణయించారు. కాబట్టి మనం కూడా రోడ్డు దగ్గరినుంచే మొదలుపెడదాం.

ముందు నీకు బాగా తెలిసిన సైకిలు సంగతి చూడు. తొక్కుతున్నంతసేపూ నిలబడుతుంది, ఆగితే పడిపోతుంది. ఎందుకు? చక్రాలు తిరుగుతాయి కాబట్టి ఆ తిరుగుడే నిలబెడుతుందని చాలామంది చెబుతారు. అది పూర్తి నిజం కాదు. 2011లో నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్, అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయాల ఇంజినీర్లు చక్రాల తిరుగుడు ప్రభావం లేకుండా చేసిన ఒక సైకిలు తయారుచేసి, మనిషి లేకుండా తోసి వదిలారు. అది కూడా పడకుండా ముందుకు సాగింది. అసలు కిటుకు హ్యాండిల్లో ఉంది. బండి కుడికి ఒరిగితే హ్యాండిలు కొద్దిగా కుడికి తిరుగుతుంది. అప్పుడు చక్రాలు ఆ పక్కకే జరిగి బరువు కిందికి వచ్చేస్తాయి. బండి మళ్లీ నిటారవుతుంది. ఈ సర్దుబాటు నీకు తెలియకుండానే క్షణక్షణం జరిగిపోతూ ఉంటుంది.

అయితే ఇలా సర్దుకోవాలంటే బండి కదులుతూ ఉండాలి. వేగం నడక స్థాయికి పడిపోయిందనుకో, చక్రాలు బరువు కిందికి చేరేలోపే బండి ఒరిగిపోతుంది. అప్పుడు కాలు నేలకి ఆనాల్సిందే. ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి ఉంది. కొత్తగా నడిపేవాడికి అరవై వేగంలో బండిని నిలబెట్టడం పెద్ద కష్టం కాదు, ఆ పని చాలావరకు బండే చూసుకుంటుంది. చిక్కంతా ఇంటి గేటు దగ్గర, సందు మలుపులో, ఎదురుగా గేదెల మంద వచ్చినచోట, అమలాపురం ఎర్ర వంతెన దగ్గర ట్రాఫిక్కులో ఆగి ఆగి కదిలేచోట. అందుకే మొదటి బండి ఎంత వేగం పోతుందని కాదు, ఎంత నెమ్మదిగా నడిచినా మన చేతిలో ఉంటుందా అని చూడాలి. షోరూములో ఈ మాట ఎవరూ చెప్పరు, మనమే గుర్తుపెట్టుకోవాలి.

కాలు ఆనాలన్నాం కాబట్టి తర్వాత చూడాల్సింది సీటు ఎత్తు. స్ప్లెండర్ సీటు నేలనుంచి 785 మిల్లీమీటర్ల ఎత్తులో ఉంటుంది. క్లాసిక్ 350 బుల్లెట్టుది 805. ఆర్15ది 815. గుంతల దారులకని చేసిన ఎక్స్‌పల్స్ 200ది 825. అవెంజర్ లాంటి పొట్టి సీటు బండిది 737. స్ప్లెండర్‌కీ ఆర్15కీ తేడా మూడు సెంటీమీటర్లే కదా, అదొక తేడానా అనిపిస్తుంది. నీ ఎత్తువాడికి అది చిన్న తేడా కాదు. ఆ మూడు సెంటీమీటర్లలోనే మడమ ఆనడం ఆగిపోయి మునివేళ్లు మాత్రమే ఆనడం మొదలవుతుంది. మడమ ఆనితే మొత్తం కాలి బలంతో బండిని ఆపగలవు. మునివేళ్లయితే పిక్క బలమే దిక్కు. సీటు వెడల్పుగా ఉంటే తొడలు ఎడమై కాలు ఇంకా పొట్టవుతుంది. అందుకని కాగితం మీద అంకె చూసి ఊరుకోకు. బండిమీద కూర్చుని, అదీ చెప్పులతో కూర్చుని చూడాలి.

ఇప్పుడు ఈ లెక్కను మన రోడ్డుమీద పెట్టి చూడు. కోనసీమలో రోడ్లు చాలావరకు చేలకంటే ఎత్తులో ఉంటాయి. ఒక పక్క పంటకాలువ, రెండో పక్క చేను, లేకపోతే రొయ్యల చెరువు. తారు అంచు దాటితే బెత్తెడు పల్లం. ఎదురుగా ట్రాక్టరో కాలేజీ బస్సో వస్తే మనం అంచుకు జరిగి ఆగుతాం. ఆగి ఎడమ కాలు దించుతాం. అక్కడ నేల తారు కంటే కిందికి ఉంటుంది. చదును నేలమీద మునివేళ్లు ఆనే బండి ఇక్కడ అసలు ఆనదు. వానాకాలమైతే ఆనిన కాలు కూడా మెత్తటి నల్లమట్టిలో దిగబడుతుంది. ఆ క్షణంలో బండి ఎడమకి ఒరుగుతుంది. ఎడమ పక్క ఏముంది? కాలువ. షోరూములో గచ్చుమీద ‘కాళ్లు బాగానే ఆనుతున్నాయి’ అనిపించిన బండి ఊళ్లోకి వచ్చాక బెదిరించడానికి ఇదే కారణం.

ఇలా ఒరిగిన బండిని నిలబెట్టగలవా లేదా అన్నది దాని బరువును బట్టి ఉంటుంది. బిందె నెత్తిన పెట్టుకుని నిటారుగా నడిచేవాళ్లకి బరువు అంతగా తెలియదు, తల వాలితే ఒక్కసారిగా తెలుస్తుంది. బండీ అంతే. స్టాండు తీసి నిటారుగా పట్టుకుంటే 195 కిలోల బుల్లెట్టు కూడా రెండు వేళ్లతో నిలబడుతుంది. అది చూసే చాలామంది ‘అబ్బే, బరువేం లేదు’ అనుకుంటారు. ఒక చిన్న లెక్క వేద్దాం. బండి బరువంతా నేలకి అర మీటరు ఎత్తులో ఒకచోట ఉందనుకో. హ్యాండిలు మీటరు ఎత్తులో ఉందనుకో. బండి ముప్ఫై డిగ్రీలు ఒరిగితే హ్యాండిలు పట్టుకుని దాన్ని ఆపడానికి మొత్తం బరువులో పావువంతు బలం కావాలి. స్ప్లెండర్ బరువు 112 కిలోలు. పావువంతంటే 28 కిలోలు. నీ వయసు కుర్రాడు గట్టిగా పళ్లు బిగిస్తే ఆపగలడు. బుల్లెట్టుకైతే దాదాపు 49 కిలోలు. అర క్వింటాలుకి దగ్గర బరువును ఒంటిచేత్తో, అదీ పక్కకు వంగి, కాలు బురదలో ఉండగా ఆపాలి. వెనక ఎవరైనా కూర్చుని ఉంటే లెక్క ఇంకా పెరుగుతుంది.

బుల్లెట్టు చెడ్డ బండని కాదు సుమా. కూర్చునే తీరులో అది చాలా సుఖమైన బండి. వెన్ను నిటారుగా ఉంటుంది, చేతులు సహజంగా చాపుకోవచ్చు, తక్కువ వేగంలోనే ఇంజిను బలంగా లాగుతుంది. ఇంగ్లండులో పుట్టి, 1955లో మద్రాసులో మన దేశపు తయారీ మొదలై, ఇంగ్లండు కంపెనీ మూతపడినా ఇక్కడ బతికిన బండి అది. పాత బుల్లెట్టుకి గేరు కుడికాలికి, వెనక బ్రేకు ఎడమకాలికి ఉండేవి. ఆ రోజుల్లో అది నేర్చుకున్న పెద్దవాళ్లు మిగతా బళ్లెక్కి బ్రేకనుకుని గేరు తొక్కేవాళ్లు. మీ బాబాయి ఏ కాలంవాడో నాకు తెలియదు గానీ, ఆయన మాట వినాల్సిన మాటే. కాకపోతే ఇప్పుడే కాదు. బరువును ఎప్పుడు ఒరగనివ్వకూడదో ఒంటికి అలవాటైనవాడి బండి అది. ఆ అలవాటు తేలిక బండిమీదే వస్తుంది.

ఇక నీ మనసులో ఉన్న ఆర్15 దగ్గరికి వద్దాం. బరువులో అది మరీ ఎక్కువ కాదు, 142 కిలోల దాకా ఉంటుంది. సమస్య కూర్చునే తీరులో ఉంది. హ్యాండిలు కిందికి, ఫుట్‌రెస్టులు వెనక్కి ఉండటంవల్ల ఒళ్లు ముందుకు వాలుతుంది. ఇదంతా రేసు ట్రాకునుంచి వచ్చింది. తొంభై, వంద వేగంలో ఎదురుగాలి ఛాతీని వెనక్కి నెడుతుంది. ముందుకు వాలిన ఒంటి బరువును ఆ గాలి కొంత మోస్తుంది, మణికట్లకి సుఖంగా ఉంటుంది. గాలి తాకిడి వేగంతోపాటు నేరుగా పెరగదు, వేగం మూడింతలైతే అది తొమ్మిదింతలవుతుంది. అంటే తొంభైలో వచ్చే ఆసరాలో ముప్ఫై వేగంలో వచ్చేది తొమ్మిదో వంతే. ఉప్పలగుప్తం నుంచి అమలాపురం సుమారు పది కిలోమీటర్లు. దారి పొడుగునా మలుపులు, ఊళ్లు, స్పీడ్ బ్రేకర్లు. ముప్ఫై నలభై దాటి పోయేది ఎంతసేపు? గాలి మోయని బరువంతా నీ మణికట్లే మోయాలి. కాలేజీకి చేరేసరికి పెన్ను పట్టుకోవడం కష్టమవుతుంది.

మణికట్ల నొప్పి సంగతి అలా ఉంచితే, దీనివల్ల ఇంకో ఇబ్బంది ఉంది. చేతులమీద బరువు వేసి కూర్చున్నవాడు హ్యాండిలును స్వేచ్ఛగా తిప్పలేడు. ఇందాక చెప్పుకున్న సర్దుబాటు హ్యాండిలు తేలిగ్గా కదిలితేనే కదా జరిగేది! పైగా ఇలాంటి బళ్ల హ్యాండిలు ట్యాంకుకి దగ్గరగా ఉంటుంది కాబట్టి పూర్తిగా తిరగదు. ఊళ్లో రోడ్డుమీద ఒకే ఊపులో వెనక్కి తిప్పడం కుదరదు. సగం తిప్పి, ఆగి, కాళ్లతో వెనక్కి నెట్టుకుని, మళ్లీ తిప్పాలి. నెమ్మదిగా ఉన్నప్పుడే కొత్తవాడికి చిక్కని అనుకున్నాం. ఈ బండి ఆ చిక్కును పెంచుతుంది.

దీనికి సరిగ్గా ఎదురు తీరు అవెంజర్‌ది. అమెరికాలో మైళ్లకొద్దీ తిన్నగా సాగే రోడ్లకని పుట్టిన రకం అది. సీటు పల్లంగా, కాళ్లు ముందుకు చాపుకునేలా ఉంటుంది. 737 మిల్లీమీటర్ల సీటు నీ ఎత్తువాడికి బాగా నప్పుతుంది, కాళ్లు పూర్తిగా ఆనుతాయి. అయితే రెండు చక్రాల మధ్య దూరం 1490 మిల్లీమీటర్లు. స్ప్లెండర్‌కి 1236. ఆ పాతిక సెంటీమీటర్ల తేడావల్ల తిన్నని దారిలో బండి నిలకడగా పోతుంది గానీ సందు మలుపులో అంత తేలిగ్గా ఒదగదు. కాళ్లు ముందుకు ఉండటంవల్ల గొయ్యి వచ్చినప్పుడు ఫుట్‌రెస్టులమీద లేచి నిలబడటం కుదరదు. లేవగలిగితే మోకాళ్లు ఆ కుదుపును మింగేస్తాయి. లేవలేకపోతే నేరుగా నడుముకే తగులుతుంది. మన రోడ్లమీద ఇది రోజుకి ఎన్నిసార్లో ఊహించుకో.

అమ్మ చెప్పిన స్కూటీలో చాలా సుగుణాలున్నాయి. గేర్లు లేవు, క్లచ్చు లేదు, రెండు బ్రేకులూ చేతికే ఉంటాయి. కాళ్ల దగ్గర బియ్యం సంచి, కూరగాయల సంచి పెట్టుకోవచ్చు. చీరకట్టుతో ఎక్కడం దిగడం సులువు. రద్దీలో నేర్చుకునేవాళ్లకి క్లచ్చు బెడద లేకపోవడం పెద్ద ఊరట. మరి లోటు ఎక్కడుంది? చక్రాల్లో. ఈ రకంలోని యాక్టివా ముందు చక్రం 12 అంగుళాలు, వెనకది 10. స్ప్లెండర్‌కి రెండూ 18. చిన్న చక్రం గోతిలో ఎందుకు ఎక్కువ పడుతుందంటే, అది గొయ్యి అంచులను కలుపుతూ పైపైన దాటలేదు. గొయ్యి వెడల్పు ఇరవై సెంటీమీటర్లు అనుకుని లెక్కవేస్తే, టైరుతో కలిపి 18 అంగుళాల చక్రం అందులోకి దాదాపు 17 మిల్లీమీటర్లు దిగుతుంది. 10 అంగుళాలది 24 మిల్లీమీటర్లు దిగుతుంది. ఎక్కువ లోతుకి దిగినది ఎక్కువ ఎత్తు ఎక్కాలి. అదే కుదుపు, అదే హ్యాండిలు విసురు. అందుకే తారు బాగున్న ఊళ్లలో స్కూటరు చక్కటి మొదటి బండి. చెరువు గట్లు, కంకర దార్లు రోజూ తొక్కేవాళ్లకి మాత్రం పెద్ద చక్రమే మేలు.

గట్లంటే గుర్తొచ్చింది, ఎక్స్‌పల్స్, హిమాలయన్ లాంటి బళ్లు అచ్చంగా అలాంటి దారులకే చేశారు. ఎక్స్‌పల్స్ ముందు చక్రం 21 అంగుళాలు. దాని గ్రౌండ్ క్లియరెన్స్ (బండి అడుగుకీ నేలకీ మధ్య ఎత్తు) 220 మిల్లీమీటర్లు. స్ప్లెండర్‌ది 165. ఎస్.యానాం వైపు చెరువుల మధ్య గట్లమీద రోజూ తిరిగే పొడుగు మనిషికి ఇంతకంటే మంచిది లేదంటాను. కానీ ఆ ఎత్తే నీకు అడ్డు. ఇంజిను నేలకి ఎంత దూరమైతే సీటూ అంత పైకి పోతుంది, బరువూ అంత పైకి పోతుంది. గోతిలో దిగకుండా కాపాడే గుణమే గట్టుమీద ఆగేటప్పుడు ఇబ్బంది పెడుతుంది.

ఇన్ని చెప్పుకుని టీవీఎస్ ఎక్సెల్‌ను వదిలేస్తే కోనసీమలో నన్ను ఊరుకోరు. 1980లో టీవీఎస్ 50గా మొదలైన మోపెడ్ వంశం అది. ఇప్పటి ఎక్సెల్ 100 బరువు తొంభై కిలోల లోపే. కొబ్బరికాయలు, పశువులమేత, చేపల ట్రేలు, గ్యాసు సిలిండరు, ఏదైనా మోస్తుంది. మన ఊళ్లలో దాన్ని బండి అనడం కంటే ఇంట్లో మనిషి అనాలేమో. దీనితో ఒక అపోహ ముడిపడి ఉంది. ‘గేర్లు లేని బండి కాబట్టి పదహారేళ్లకే నడపొచ్చు’ అని చాలామంది నమ్ముతారు. మోటారు వాహనాల చట్టం పదహారేళ్లవాళ్లకి ఒప్పుకున్నది 50 సీసీ మించని ఇంజినుకే. నేటి ఎక్సెల్ 99.7 సీసీ, యాక్టివా దాదాపు 110. కాబట్టి వీటికీ పద్దెనిమిది నిండాల్సిందే. చిన్నవాళ్ల చేతికి బండి ఇస్తే 2019 సవరణ ప్రకారం ఇచ్చిన పెద్దలకే 25,000 రూపాయల జరిమానా, మూడేళ్లదాకా జైలు పడొచ్చు. నీకు తమ్ముడుంటే ఈ ముక్క వాడికి చెప్పు.

ఇప్పుడు ఇంజిను బలం సంగతి. కొత్తవాడు ఉలిక్కిపడితే ఏం జరుగుతుందో ఎప్పుడైనా గమనించావా? క్లచ్చు ఒక్కసారిగా వదిలితే బండి ముందుకు దూకుతుంది. ఒళ్లు వెనక్కి తూలుతుంది. పడిపోతానన్న భయంతో చేతులు హ్యాండిలును ఇంకా గట్టిగా పట్టుకుంటాయి. ఒళ్లు వెనక్కి పోతూ చెయ్యి పట్టువదలకపోతే మణికట్టు కిందికి తిరుగుతుంది. అంటే ఎక్స్‌లేటర్ ఇంకా తెరుచుకుంటుంది. బండి ఇంకా దూకుతుంది. భయం వేగాన్ని పెంచుతుంది, వేగం భయాన్ని పెంచుతుంది. ఇది తెలివితక్కువతనంవల్ల జరిగేది కాదు, ఒంటి అమరికవల్ల జరిగేది. అందరికీ జరుగుతుంది. ఎనిమిది గుర్రాల బలం ఉన్న స్ప్లెండర్‌మీద ఇలా జరిగితే ఒక కుదుపుతో సరి, బహుశా ఇంజిను ఆగిపోతుంది కూడా. పద్దెనిమిది గుర్రాల ఆర్15 మీద ఎదుటి గోడదాకా పోవచ్చు. నలభై దాటిన 390 డ్యూక్ లాంటిదైతే ముందు చక్రం గాల్లోకి లేవొచ్చు. మొదటి బండి తక్కువ బలంది అయితే మంచిదనేది పిరికి సలహా కాదు. నేర్చుకునే రోజుల్లో పొరపాటుకి పడే శిక్ష చిన్నదిగా ఉండాలి, అంతే.

పరిగెత్తించడం అయ్యాక ఆపడం. బ్రేకు వేసినప్పుడు బరువు ముందుకు వాలి ముందు చక్రాన్ని నేలకి అదుముతుంది. వెనక చక్రం తేలికవుతుంది. అందుకే బండిని నిజంగా ఆపేది ముందు బ్రేకే. అయినా మన ఊళ్లలో ‘ముందు బ్రేకు ముట్టుకోకు, పల్టీ కొడతావు’ అని నేర్పుతారు. గట్టిగా ఒక్కసారిగా నొక్కితేనే ప్రమాదం. నెమ్మదిగా మొదలుపెట్టి బిగిస్తే అది నీకు రక్షణ. వేగం రెట్టింపైతే బ్రేకు వేశాక ఆగడానికి కావలసిన దూరం నాలుగింతలవుతుంది. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన బళ్లకి ఏబీఎస్ (చక్రం బిగుసుకుపోకుండా బ్రేకును క్షణక్షణం వదిలి పట్టే ఏర్పాటు) తప్పనిసరి చేశారు. 125 దాకా ఉన్నవాటికి కనీసం సీబీఎస్ (ఒక బ్రేకు నొక్కితే రెండు చక్రాలకూ అందే ఏర్పాటు) ఉండాలన్నారు. స్థోమత ఉంటే ఏబీఎస్ ఉన్నది మేలే. కానీ కోతల రోజుల్లో సగం రోడ్డుమీద ధాన్యం ఆరబోస్తారు కదా, ఆ గింజలమీద ఏ ఏర్పాటూ పనిచేయదు. గింజలు టైరు కింద దొర్లిపోతాయి, టైరు పట్టడానికి నేలే అందదు. వరిగడ్డి, తడి కొబ్బరి కమ్మ, ట్రాక్టరు చక్రాలు రోడ్డుకెక్కించిన నల్లమట్టి, వీటితోనూ ఇదే తంటా. అక్కడ చేయాల్సింది ముందే గేరు దించి, ఎక్స్‌లేటర్ వదిలి, ఇంజినే బండిని మెల్లబరిచేలా చూడటం. తేలిక బండిమీద, నిటారుగా కూర్చుని, రెండు కాళ్లూ నేలకి అందేలా ఉన్నవాడికి అప్పుడు ధైర్యంగా ఉంటుంది.

గేర్ల గురించి ఒక చిన్న మాట. స్ప్లెండర్‌లో గేర్లన్నీ కాలి మునివేళ్లతో కిందికి నొక్కితేనే పడతాయి. పల్సర్, ఆర్15, కొత్త బుల్లెట్టు వంటివాటిలో మొదటిది కిందికి, మిగతావి పైకి. ఇంట్లో పాత బండిమీద నేర్చుకుని కొత్త తీరుకి మారితే కొన్నాళ్లు కాలు తికమకపడుతుంది. ఆ రోజుల్లో జాగ్రత్తగా ఉంటే చాలు.

సముద్రం దగ్గరి ఊరు కాబట్టి మీకు మరో లెక్క కూడా ఉంది. తీరంనుంచి వీచే గాలిలో ఉప్పు ఉంటుంది. ఉప్పు గాలిలోని తేమను లాక్కుని ఇనుముమీద తడిపొరలా నిలిపి ఉంచుతుంది. ఉప్పునీళ్లలో తుప్పు పట్టే చర్య మామూలు నీళ్లలోకంటే వేగంగా సాగుతుంది. ముందుగా దెబ్బతినేవి చైను, స్పోకులు, సైలెన్సరు. ఇక్కడ కూడా బండి తీరు తేడా చూపిస్తుంది. స్ప్లెండర్, షైన్ లాంటి రోజువారీ బళ్లకి చైను చుట్టూ మూసిన రేకు పెట్టె ఉంటుంది. బురద, ఇసుక, ఉప్పుతేమ అంత సులువుగా లోపలికి పోవు. స్పోర్ట్స్ బళ్లలో చైను బయటికే కనిపిస్తుంది, చూడ్డానికి బాగుంటుంది. దాన్ని తరచుగా తుడిచి నూనె పెట్టే ఓపిక ఉంటేనే ఆ అందం నిలుస్తుంది. అన్నట్టు స్ప్లెండర్, ఎక్సెల్ విప్పడం మన ఊళ్లలో ఏ మెకానిక్కుకైనా వచ్చు. కొన్ని బళ్లకి చిన్న భాగం కావాలన్నా అమలాపురమో రాజమండ్రో పోవాల్సి వస్తుంది.

ఇంకో సంగతి నువ్వు నీ ప్రశ్నలో రాయలేదు గానీ నేను అడుగుతాను. ఆ బండి నీ ఒక్కడిదేనా? మన ఇళ్లలో బండి ఇంటిల్లిపాదిదీ. అమ్మను అమలాపురం ఆసుపత్రికి తీసుకెళ్లాలి, అమ్మమ్మను అయినవిల్లి వినాయకుడి గుడికి తీసుకెళ్లాలి, చేలోకి ఎరువు బస్తా వేసుకెళ్లాలి. స్ప్లెండర్ సీటు పొడుగ్గా చదునుగా ఉండేది అందుకే. పక్కకి కూర్చునేవాళ్లు పట్టుకోవడానికి పిడి, చీర కొంగు చక్రంలో పడకుండా జాలీ ఉంటాయి. ఆర్15 వెనక సీటు ఎత్తుగా, ఇరుగ్గా, వాలుగా ఉంటుంది. బ్రేకు వేసినప్పుడల్లా వెనకవాళ్లు ముందుకు జారి నీ వీపుమీద పడతారు. ఆ బరువు కూడా నీ మణికట్లకే. మీ అమ్మగారు ఒకసారి ఎక్కితే రెండోసారి ఆటోకే మొగ్గుతారు.

ఇంత చెప్పాక నా తీర్పు దాచుకోవడం దేనికి? ఐదడుగుల నాలుగంగుళాల ఎత్తు, సైకిలు అనుభవం, ఉప్పలగుప్తం నుంచి అమలాపురం దారి. ఈ మూడింటికీ 100 నుంచి 125 సీసీ మధ్య రోజువారీ తీరు బండి సరిపోతుంది. అది స్ప్లెండరే కానక్కర్లేదు, షైన్ కావచ్చు, అలాంటి మరొకటి కావచ్చు. మీ నాన్నగారు మైలేజీ చూసి చెప్పి ఉంటారు, నేను కాళ్లూ బరువూ చూసి చెబుతున్నాను. కారణాలు వేరైనా ఇద్దరం ఒకచోటికే చేరాం. వీలైతే మొదట మంచి స్థితిలో ఉన్న పాత బండి తీసుకో. నేర్చుకునేటప్పుడు ఒకటి రెండుసార్లు పక్కకి పడేయడం మామూలే. పాతదైతే గీత పడినా ప్రాణం ఉసూరుమనదు. ఒక వానాకాలం, ఒక కోతల కాలం దానిమీద గడిపాక కూడా ఆర్15 మీదే మనసుంటే అప్పుడు కొనుక్కో. 216 జాతీయ రహదారిమీద అది నీకు నిజంగా ఆనందాన్నిస్తుంది.

ఈలోగా ఎల్‌ఎల్‌ఆర్ (నేర్చుకునేవాళ్లకిచ్చే లైసెన్సు) తీసుకో. అది ఆరు నెలలు చెల్లుతుంది. తీసుకున్న ముప్ఫై రోజుల తర్వాత లైసెన్సు పరీక్షకి వెళ్లొచ్చు. అప్పటిదాకా నేర్పేవాళ్లను తప్ప ఎవరినీ వెనక ఎక్కించుకోకూడదు. షోరూముకి వెళ్లేటప్పుడు అమ్మను కూడా తీసుకెళ్లు. ఆవిణ్ణి వెనక కూర్చోబెట్టి, నువ్వు ముందు కూర్చుని, రెండు మడమలూ నేలకి ఆనుతున్నాయో లేదో అప్పుడు చూడు. బండితోపాటు ఐఎస్ఐ గుర్తున్న హెల్మెట్లు రెండు కొను. చట్టం వెనక కూర్చున్నవాళ్లకి కూడా హెల్మెట్ ఉండాలంటోంది.